స్టెంట్ పడిన తమ్ముడితో 18 బుట్టలు

మా తమ్ముడికి 39 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది. కాలిఫోర్నియాలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సిగరెట్ అలవాటు లేదు. షుగర్ మాత్రం ఉంది. నాన్నగారు మాకిద్దరికీ ఇచ్చిన ఆస్తుల్లో అదొకటి. ఆయన 58 ఏళ్ళకి గుండెజబ్బుతోనే పోయారు. కాబట్టి ఆ రోజు తెల్లవారుజామున మా మరదలు ఫోన్ చేసి ‘బావగారూ...’ అని ఆగిపోయినప్పుడు, మిగతా మాట నాకు వినబడక ముందే అర్థమైంది.

అదృష్టం బాగుండి సమయానికి ఆసుపత్రికి చేరాడు. యాంజియోప్లాస్టీ చేసి ఒక స్టెంట్ వేశారు. మర్నాడు వాడితో మాట్లాడాను. నేను సర్కారు ఆసుపత్రిలో ఫిజీషియన్‌ని. 17 ఏళ్ళుగా ఇలాంటి పేషెంట్లకు చెప్పే మాటే వాడికీ చెప్పాను. ‘ఏం భయం లేదు. కానీ ఇకనుంచి జాగ్రత్తగా ఉండు. బరువులెత్తకు. పరుగులు పెట్టకు.’

మావాడు చిన్నప్పటి నుంచీ నా మాట వినడు. ఈ ఒక్క మాటా విన్నాడు. రెండేళ్ళపాటు, అక్షరం పొల్లు పోకుండా.

పోయిన ఏడాది ఏప్రిల్లో అమ్మను తీసుకుని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు గానీ నా మాట ఎంత పని చేసిందో తెలియలేదు. తొమ్మిది కిలోలు పెరిగాడు. హెచ్‌బీఏ1సీ 8.4 ఉంది. చేతికి వాచీ ఒకటి, దాంట్లో గుండె వేగం కనబడుతుంది. అన్నం తింటూ చూస్తాడు, మెట్లెక్కి చూస్తాడు, మాటల మధ్యలో చూస్తాడు. స్టెంట్ వేశాక అక్కడి ఆసుపత్రి వాళ్ళు కార్డియాక్ రీహాబ్‌కి, అంటే నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామానికి పంపారట. రెండు వారాలు వెళ్ళి మానేశాడు. ఎందుకురా అంటే జవాబు మా మరదలు చెప్పింది. ‘అన్నయ్య జాగ్రత్తగా ఉండమన్నాడు అంటారండీ.’

వాళ్ళ పాపకి అయిదేళ్ళు. రెండో రోజు నా ఒళ్ళో కూర్చుని రహస్యం చెప్పింది. ‘డాడీ గుండెలో స్ప్రింగ్ పెట్టారు పెదనాన్నా. నన్ను ఎత్తుకుంటే విరిగిపోతుంది.’

ఆ రాత్రి వాడి ఫైలంతా ముందు వేసుకుని చదివాను. ఎకోలో గుండె పంపింగ్ బాగుంది. మూడు నెలల కిందటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు, అందులో ఏ తేడా లేదు. అన్ని పనులూ చేసుకోవచ్చు, రోజూ నడవాలి అని అక్కడి కార్డియాలజిస్టు స్పష్టంగా రాశాడు. గుండె కోలుకుంది. మనిషి మాత్రం మంచం దిగలేదు. అందులో నా వాటా ఎంతో లెక్కేసుకుంటే నిద్ర పట్టలేదు.

పళ్ళెం పట్టుకుని పార్కుకి

తమ్ముడి ఆఫీసులో 63 ఏళ్ళ అమెరికన్ ఒకాయన ఉన్నాడు. బైపాస్ అయినవాడు. మావాడి సంగతి తెలిసి పుట్టినరోజుకి రెండు ప్లాస్టిక్ పళ్ళేలు బహుమతిగా ఇచ్చాడు. అవి ఏడాదిగా గ్యారేజీలో దుమ్ము కొట్టుకుంటున్నాయి. నేను వచ్చానని పలకరించడానికి వచ్చినప్పుడు ఆయనే అడిగాడు, ‘ఆదివారం పొద్దున్న వస్తారా, ఆడదాం’ అని. తమ్ముడు నా వైపు చూశాడు. నేను సరే అన్నాను. అమ్మ వద్దంది. ‘వాడి సంగతి తెలిసీ ఆటలేమిట్రా పెద్దోడా?’

డిస్క్ గోల్ఫ్ అనే ఆట పేరు వినడం నాకదే మొదలు. గోల్ఫ్ అంటే మన దృష్టిలో డబ్బున్నవాళ్ళ ఆట. ఇది దానికి పేదింటి చుట్టం. కర్ర లేదు, బంతి లేదు, క్లబ్బు సభ్యత్వం లేదు. తిరునాళ్ళలో మనం కొనుక్కున్న ఫ్రిస్బీ లాంటి పళ్ళెం చాలు. గోల్ఫులో నేలలో గుంట ఉంటుంది. ఇక్కడ నిలువు కడ్డీకి ఇనుప బుట్ట, దానిపైన వేలాడే గొలుసులు. విసిరిన పళ్ళెం గొలుసులకి తగిలి జలజలమని చప్పుడు చేస్తూ బుట్టలో పడాలి. అలాంటి బుట్టలు 18. ఎవరు తక్కువ విసుర్లలో అన్నీ పూర్తిచేస్తే వాళ్ళు గెలిచినట్టు.

మేం వెళ్ళిన పార్కు లాస్ ఏంజెలెస్ పక్కన పసడీనా ఊళ్ళో ఉంది. పేరు హహమొంగ్నా. ఆ నేలమీద మొదటినుంచీ ఉన్న టోంగ్వా ఆదివాసుల పేరది. పాతవాళ్ళు ఓక్ గ్రోవ్ అనే అంటారు. ఉత్తరాన గోడ కట్టినట్టు శాన్ గేబ్రియల్ కొండలు. వాటినుంచి దిగే ఏరుకి అడ్డంగా 1920లో కట్టిన డెవిల్స్ గేట్ డ్యామ్ ఉంది. ఆ డ్యామ్ ఎగువనున్న పల్లపు నేల, దాని ఒడ్డు కలిపి ఈ పార్కు. వేసవి ముందు కాబట్టి గడ్డింకా పచ్చగా ఉంది. పెద్ద పెద్ద ఓక్ చెట్లు, కొమ్మలు మన మర్రిచెట్లలా అడ్డంగా పాకి నీడ పరిచాయి. పక్కనే నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ. మంగళగ్రహం మీద తిరిగే బండ్లను తయారుచేసింది అక్కడే. 1936లో కొందరు కుర్రాళ్ళు ఈ ఏటి ఇసుకలోనే తమ మొదటి రాకెట్ ఇంజిన్లను పరీక్షించారు, ఆ లేబొరేటరీకి బీజం అదే. ఒక గట్టు మీద రాకెట్లు పుట్టాయి, ఇంకో గట్టు మీద పళ్ళేల ఆట పుట్టింది.

అవును, ప్రపంచంలో డిస్క్ గోల్ఫుకి మొట్టమొదటి శాశ్వత మైదానం ఇదే. 1975లో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన ఏర్పాటు చేశాడు. ఫ్రిస్బీలు అమ్మే వామ్-ఓ కంపెనీలో పనిచేసేవాడు. పళ్ళెం గాల్లో వణక్కుండా నిలకడగా వెళ్ళేలా మార్చి 1967లో పేటెంట్ తీసుకున్నది ఆయనే. మొదట్లో ఇక్కడ బుట్టల్లేవు, నిలువు స్తంభాలకే గురిపెట్టి విసిరేవారు. పళ్ళెం తగిలిందా లేదా అని తగవులు. ఆ తగవు తీర్చడానికే గొలుసుల బుట్ట తయారుచేశాడు. 1976లో ఈ ఆటకి సంఘం కూడా పెట్టాడు. 2002లో చనిపోయాక ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి పళ్ళేలుగా పోతపోశారు. ఈ సంగతి విని అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘గోదాట్లో కలిపితే చల్లగా ఉండేవాడు కదా, ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు పాపం’ అంది.

విసురు, నడువు, వంగు

ఆట పద్ధతి తేలిక. పళ్ళేలు మామూలు ఫ్రిస్బీ కంటే చిన్నవి, బరువైనవి. ఒక్కొక్కటి 150 నుంచి 180 గ్రాముల వరకు ఉంటుంది. దూరం వెళ్ళడానికి అంచు పదునుగా ఉండేది ఒకటి, దగ్గరి నుంచి బుట్టలో వేయడానికి అంచు మొద్దుగా ఉండేది ఒకటి. కొత్తవాళ్ళకి రెండు చాలు. విసరడం మొదలుపెట్టే చోటుని ‘టీ’ అంటారు. ఆ మాట వినగానే అమ్మ ఆశగా చూసింది. అక్కడ సిమెంటు పలక తప్ప ఏమీ లేదు.

అక్కడినుంచి ఒకటి విసురుతాం. పడినచోటికి నడిచివెళ్ళి, వంగి తీసి, అక్కణ్ణుంచే మళ్ళీ విసురుతాం. బుట్టలో పడేదాకా ఇంతే. తర్వాత ఇంకో బుట్ట. టిక్కెట్టు లేదు, రుసుము లేదు. మా ముందు నెరిసిన గడ్డాలవాళ్ళు నలుగురు ఆడుతున్నారు. వెనక ఒక తల్లీ, ఇద్దరు పిల్లలూ.

నా మొదటి విసురు ఎడమవైపుకి వంకర తిరిగి పొదలో పడింది. పొలంలో పిట్టల్ని తోలినట్టుందని తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. వాడి వంతు వచ్చేసరికి మాత్రం చెయ్యి సగం ఎత్తి వదిలేశాడు. పళ్ళెం పదడుగుల దూరంలో పడింది. వెంటనే వాచీ చూసుకున్నాడు.

ఇలాగే అయిదు బుట్టలు నడిచాయి. ఆరోదాని దగ్గర ఆగిపోయాడు. ‘అన్నయ్యా, 104 చూపిస్తోంది. కూర్చుంటాను.’

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. స్టెంట్ వేయించుకున్నవాళ్ళలో చాలామంది మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్ర వాడుతుంటారు. గుండె వేగాన్ని తగ్గించడమే దాని పని. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి మామూలు పట్టికల్లోని గుండె వేగం లెక్కలు సరిపోవు. వాచీలో అంకె కంటే నమ్మకమైన కొలత మన నోట్లోనే ఉంది. నడుస్తూ వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఆయాసం రావాలి. అది మధ్యస్థాయి వ్యాయామం. మాట కూడా ముక్కలవుతుంటే ఎక్కువైందని. హాయిగా పాట పాడగలుగుతుంటే ఇంకొంచెం వేగం పెంచొచ్చని.

‘పాట పాడు’ అన్నాను. పిచ్చెక్కిందా అన్నట్టు చూశాడు. ‘పాడరా.’ చిన్నప్పుడు బడిలో పాడిన ప్రార్థన మొదలుపెట్టి రెండు చరణాలు ఎక్కడా ఆగకుండా పాడాడు. ఆ అమెరికన్ చప్పట్లు కొట్టాడు. నేను వాచీ విప్పి నా జేబులో వేసుకున్నాను. ట్రెడ్‌మిల్ పరీక్షలో వాడి గుండె ఇంతకంటే ఎంతో వేగంగా కొట్టుకుని, ఏ ఇబ్బందీ లేకుండా నిలబడింది. ఆ కాగితం చూశాను కాబట్టే ఆ ధైర్యం.

ఏడో బుట్టకి చెయ్యి పూర్తిగా చాపి విసిరాడు. ఎనిమిదోదానికి చెట్ల సందులోంచి ఎలా పంపాలో ఆ పెద్దాయనతో వాదించాడు. పదో బుట్టలో గొలుసులు మోగాయి. ఆ చప్పుడు గురించి ఎంత చెప్పినా తక్కువే. గుడిలో చిన్నపిల్లాణ్ణి ఎత్తుకుని గంట కొట్టిస్తే వాడి మొహం ఎలా వెలుగుతుందో, 41 ఏళ్ళ మావాడి మొహం అలా వెలిగింది.

గుండెనొప్పా, కండరం పట్టేసిందా?

పన్నెండో బుట్ట దగ్గర బలమంతా పెట్టి విసిరి, ఎడమ ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఆగిపోయాడు. మొహం తెల్లబోయింది. అమ్మ కేక పెట్టింది.

ఆ రెండు నిమిషాలు నేను డాక్టర్నో అన్ననో నాకే తెలీదు. పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చోబెట్టాను. మరదలు 911కి ఫోన్ చేయడానికి సిద్ధంగా నిలబడింది. నాడి చూశాను, లయ తప్పలేదు. చెమట లేదు, ఆయాసం లేదు, వికారం లేదు. నొప్పి ఎక్కడో చూపించమంటే ఒకే వేలితో పక్కటెముకల దగ్గర చూపించాడు. అక్కడ నొక్కితే ‘అబ్బా’ అన్నాడు. నడుము పక్కకి తిప్పితే మళ్ళీ అబ్బా. ఊరికే కూర్చుంటే లేదు. కుడిచేత్తో వీపు మెలితిప్పి విసిరేటప్పుడు ఎడమవైపు పక్కటెముకల కండరం పట్టేసింది. రెండేళ్ళు కదలని ఒళ్ళు, ఒక్కసారిగా మెలితిప్పితే ఊరుకుంటుందా?

ఇది చదివి ఎవరూ ఇంట్లో ఇలా తేల్చేయకండి. నేను పక్కనున్నాను, వాడి రిపోర్టులన్నీ చదివున్నాను. అయినా పావుగంట కూర్చోబెట్టి, రెండుసార్లు చూసి గానీ లేవనివ్వలేదు. ఏమాత్రం అనుమానం ఉన్నా ఆసుపత్రికి ఫోన్ చేసేవాణ్ణి.

గుండెనొప్పి సాధారణంగా ఒక వేలితో చూపించేలా ఉండదు. పిడికిలితో ఛాతీని అదిమినట్టు, బండరాయి పెట్టినట్టు ఉంటుంది. దవడకీ, ఎడమచేతికీ, రెండు భుజాలకీ, వీపుకీ పాకొచ్చు. శ్రమపడితే వస్తుంది, ఆగితే నాలుగైదు నిమిషాల్లో తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో అసలు నొప్పే లేకుండా ఆయాసం, చెమట, కడుపులో మంట, విపరీతమైన నీరసంగా బయటపడొచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్ళని మా క్యాజువాల్టీలో చాలామందినే చూశాను. కూర్చున్నా అయిదు నిమిషాల్లో తగ్గకపోతే, చెమటలు పడితే, మీ డాక్టర్ నాలుక కింద పెట్టుకోమని ఇచ్చిన మాత్ర ఉంటే పెట్టుకుని 108కి ఫోన్ చేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ మాత్రం రావద్దు.

స్టెంట్ స్ప్రింగూ కాదు, గాజు సామానూ కాదు

పాప అన్న ‘స్ప్రింగ్’ మాట మా ఓపీలోనూ వింటుంటాను. ‘పరిగెడితే జారుతుందా?’, ‘తుమ్మితే కదులుతుందా?’, ‘బస్సు కుదుపులకి ఊడిపోతుందా?’ స్టెంట్ సన్నని లోహపు జాలీ గొట్టం. బెలూనుతో ఒత్తిడిపెట్టి రక్తనాళం గోడకి అదిమేస్తారు. కొన్ని వారాలు, నెలల్లో దానిమీద నాళం లోపలి పొర పెరిగి కప్పేస్తుంది. నడిస్తే, వంగితే, పళ్ళెం విసిరితే, పిల్లని ఎత్తుకుంటే అది కదలదు. దానికి నిజమైన శత్రువు వేరే ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు డాక్టర్ని అడగకుండా మానేయడం. పన్ను పీకించుకోవడానికని, ఊరెళ్ళామని, బాగానే ఉందికదా అని మానేసి స్టెంట్ మూసుకుపోయి వచ్చినవాళ్ళని చూశాను.

కాబట్టి స్టెంట్ పడ్డవాళ్ళు ఎప్పటినుంచి ఏం చేయొచ్చన్నది గుండె పరిస్థితిని బట్టి ఉంటుంది. గుండెపోటు రాకుండా ముందే స్టెంట్ వేయించుకున్నవాళ్ళు త్వరగా మామూలు పనుల్లోకి రావొచ్చు. పెద్ద గుండెపోటు వచ్చి పంపింగ్ తగ్గినవాళ్ళు నెమ్మదిగా, పర్యవేక్షణలో మొదలుపెట్టాలి. డిశ్చార్జి రోజునే నోరు తెరిచి మూడు ప్రశ్నలు అడగండి. నడక ఎప్పుడు మొదలెట్టాలి? ఎంత పెంచాలి? ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా? మేం హడావిడిలో చెప్పకపోవచ్చు. అడిగితే తప్పక చెబుతాం.

పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అంకె అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసీ నేను వారానికి 40 నిమిషాలు కూడా నడవడంలేదని ఆ పార్కులో ఒగరుస్తున్నప్పుడు ఒప్పుకోవాల్సొచ్చింది. మా ఇంటి ట్రెడ్‌మిల్ మీద మా ఆవిడ చీరలు ఆరేస్తుంది. నడవమంటే నడవని ఒళ్ళు, పొదలో పడ్డ పళ్ళెం కోసం పరిగెత్తింది! మా ఫోన్లు ఆ రోజు మూడున్నర కిలోమీటర్ల పైన నడిచామని చూపించాయి. అన్నదమ్ములం ఒక్కొక్కరం తొంభైసార్లకు తక్కువ కాకుండా వంగి లేచాం. ఎగుడు దిగుడు నేలమీద నిలదొక్కుకుని విసరడంలో తూలకుండా నిలబడే అభ్యాసం కూడా ఉంది. అరవై దాటినవాళ్ళు జారిపడకుండా ఉండాలంటే వట్టి నడకతో పాటు అదీ అవసరం.

షుగర్ సంగతీ చూశాం. తమ్ముడు ఏడింటికి ఇడ్లీలు తిన్నాడు. రోజూ ఆ తర్వాత గ్లూకోమీటరులో 190 పైన ఉండేది. ఆ రోజు ఆట అయ్యాక 132. ఒక్క రీడింగుతో ఏదీ రుజువు కాదు. కానీ కారణం తెలిసినదే. కదిలే కండరం ఇన్సులిన్ సాయం కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. తిన్న తర్వాత కదలమని అందుకే పోరతాం. అయితే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్ళకి మరీ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు పొట్లమో, నాలుగు చక్కెర బిళ్ళలో ఉండాలి. కాళ్ళు తిమ్మిర్లున్నవాళ్ళు బూట్లు లేకుండా దిగకూడదు, ఇంటికొచ్చి పాదాలు చూసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళలో భుజం బిగుసుకుపోవడం కూడా ఎక్కువ. అలాంటివాళ్ళు చెయ్యి బలంతో విసరకూడదు. ఆ అమెరికన్ మాకు నేర్పింది అదే. బలం కాళ్ళలోంచి, నడుము తిరుగుడులోంచి రావాలి. చెయ్యి కొరడా కొసలా వెంట రావాలి. ఆటకి ముందు పది నిమిషాలు భుజాలు, నడుము తిప్పుకోమని కూడా చెప్పాడు. మేం వినలేదు. ఫలితం పన్నెండో బుట్ట దగ్గర చూశారుగా.

రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఆ పళ్ళెం తగిలితే పెద్ద కమిలిన మచ్చ పడుతుంది. తలకి తగిలితే బాగానే ఉన్నట్టున్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఎవరైనా ‘ఫోర్!’ అని అరిస్తే తలెత్తి చూడకూడదు, చేతులతో తల కప్పుకోవాలి.

అమ్మ, అట్లకాడ, విషపు ఆకు

అమ్మకి 71. మోకాళ్ళ నొప్పులు. కారు దగ్గరే కూర్చుంటానన్నది. మూడో బుట్టకి చూస్తే పాప చెయ్యి పట్టుకుని వెనకే వస్తోంది. పాప తన బుల్లి పళ్ళెం ఇచ్చి ‘నువ్వు వెయ్యి నానమ్మా’ అంది. అమ్మ కొంగు దోపుకుంది. మణికట్టు ఒక్క తిప్పు తిప్పింది, అట్లకాడతో అట్టు తిరగేసినట్టు. మా ముగ్గురి విసుర్లకంటే అదే తిన్నగా వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు కూర్చుంటూ తొమ్మిది బుట్టలదాకా నడిచింది. అక్కడినుంచి ఎవరు ఎన్ని విసిరారో లెక్క రాసే పని తనే తీసుకుంది. నా లెక్కలో రెండు తగ్గించి చెప్పబోతే ఒప్పుకోలేదు.

ఒకసారి నా పళ్ళెం చెట్ల కింద పొదలోకి దూరింది. తీయబోతుంటే పెద్దాయన గట్టిగా వారించాడు. మూడు మూడు ఆకుల గుత్తులతో నిగనిగలాడే మొక్క, పాయిజన్ ఓక్. ముట్టుకుంటే ఒకట్రెండు రోజుల్లో చర్మం ఎర్రబారి బొబ్బలొస్తాయి. ఇదేదో పరాయి దేశపు విషం అనుకోకండి. మన మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందినదే. మామిడికాయ సొన పెదవికి తగిలితే వచ్చే పుండు, జీడిగింజల నూనె తగిలితే వచ్చే బొబ్బ ఇలాంటి పదార్థాల వల్లే. అక్కడి పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు పార్కుల్లో నడిచేటప్పుడు దారి వదిలి పొదల్లోకి వెళ్ళకండి. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో బాగా కడుక్కోండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. ఆ కొండల్లో తాచుపాము కాదుగానీ గిలక్కాయ పాములుంటాయి. పొదల్లో చెయ్యి పెట్టకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

చివరి బుట్ట అయ్యేసరికి పదిన్నర. ఎండ ఎక్కింది. నా లెక్క 97. తమ్ముడిది 91. ఆ బైపాస్ పెద్దాయనది 58. పాప అలిసిపోయి గడ్డిలో కూర్చుండిపోయింది. నేను ఎత్తుకోబోతే తమ్ముడు నన్ను చేత్తో ఆపి, మోకాళ్ళు వంచి తనే ఎత్తుకున్నాడు. పాప వాడి ఛాతీకి చెవి ఆనించి కాసేపు విన్నది. ‘స్ప్రింగ్ చప్పుడు రావట్లేదు డాడీ’ అంది. కారుదాకా దింపలేదు.

తిరిగొచ్చాక

డ్యూటీలో చేరిన మొదటి సోమవారం మా ఓపీకి ఒక దర్జీ వచ్చాడు. ఆరోగ్యశ్రీలో స్టెంట్ వేయించుకుని ఎనిమిది నెలలైంది. ప్రతినెలా వస్తాడు. బీపీ చూస్తాను, మందులు రాస్తాను, ‘జాగ్రత్త’ అంటాను, వెళ్ళిపోతాడు. ఆ రోజు కూర్చోబెట్టి, రోజంతా ఏం చేస్తున్నావని అడిగాను. ‘ఏం చేస్తానండీ, కాలితో మిషన్ తొక్కకూడదు కదా, మా అబ్బాయి చదువు మానేసి కొట్లో కూర్చుంటున్నాడు’ అన్నాడు. తొక్కకూడదని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ‘జాగ్రత్తగా ఉండమన్నారు కదండీ మీరు.’

ఎకో తీయించాను, ఈసీజీ తీయించాను. కార్డియాలజీకి పంపి ట్రెడ్‌మిల్ చేయించాను. అన్నీ బాగున్నాయి. మొదట రోజుకి అరగంట తొక్కమన్నాను, నెలలో మూడు గంటలకి పెంచాం. కుర్రాడు జూన్‌లో మళ్ళీ కాలేజీలో చేరాడు. ఇప్పుడు చీటీ మీద ‘జాగ్రత్త’ అన్న మాట రాయడం మానేశాను. ఏం చేయకూడదో రాసే చోట, ఏమేం చేయొచ్చో రాస్తున్నాను. ఎన్ని కిలోలు ఎత్తొచ్చు, పొలానికి వెళ్ళొచ్చా, గేదె పాలు పితకొచ్చా, భార్యాభర్తలు మామూలుగా ఉండొచ్చా. ఈ ఆఖరిది ఎవరూ అడగరు, అందరికీ అదే సందేహం. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతోంది. లైను పొడుగై బయట గొడవ పడుతున్నారు కూడా.

పెద్దాయన నాకిచ్చిన పళ్ళెం క్వార్టర్స్‌లో ఉంది. వేపచెట్టు కొమ్మకి పాత ప్లాస్టిక్ బుట్ట కట్టాం. గొలుసులు లేవు కాబట్టి ఆ చప్పుడు లేదు. మా ఆవిడ బుట్ట చుట్టూ పాత మువ్వల పట్టీలు కడతానంటోంది.

తమ్ముడు ప్రతి ఆదివారం వెళ్తున్నాడు. ఆరు కిలోలు తగ్గాడు, హెచ్‌బీఏ1సీ 6.9కి వచ్చింది. రీహాబ్‌లో కూడా మళ్ళీ చేరి పూర్తిచేశాడు. అమ్మ ఇదివరకు ఫోన్ పెట్టేముందు ప్రతిసారీ ‘జాగ్రత్త నాన్నా’ అనేది. మొన్న సోమవారం పొద్దున్న మాత్రం, ‘ఎన్ని?’ అని అడిగింది. స్పీకర్‌లో నాకూ వినబడింది.

‘66 అమ్మా.’

‘పోయిన వారం 64 కదరా’ అంది అమ్మ.